స్టార్టర్ డబ్బా దగ్గర గరగర

ఏప్రిల్ 9
నాయన పోయి పదకొండో దినం. చేను గట్టు మీద పక్షికి పెట్టాం. కాకి ముట్టలేదు. అమ్మ మొక్కింది, అన్న మొక్కాడు — "నీ కోరిక ఏముండాదో చెప్పు నాయనా, తీరుస్తాము" అని. రెండు గంటలు ఎండలో నిలబడి, ఆఖరికి ఆవుకు పెట్టేశాం. నేను మాత్రం మొక్కలేదు. కాకి ఎందుకు రాలేదో నాకు తెలుసు.

ఏప్రిల్ 10
ఇక్కడైనా రాయాలి. నాయన పోయిన రోజు మోటారు వేసింది నేను. కదిరిలో, షాపులో కూర్చుని, రోజూ వేసినట్టే — స్టార్టర్ డబ్బాలోని సిమ్‌కు ఫోన్ చేసి. రింగు పోతే చాలు, చేలో మోటారు తిరుగుతుంది. త్రీఫేజు కరెంటు వచ్చే వేళ. నాయన బోరు దగ్గర కేబుల్ జాయింటు విప్పి చేత్తో పట్టుకుని ఉన్నాడని నాకేం తెలుసు... స్టార్టర్ ఆఫ్ చేయడం ఆయనే మర్చిపోయాడని ఊరంతా అనుకుంటోంది. అమ్మ కూడా. ఆ రోజు నేను ఫోన్ చేయలేదని చెప్పాను. సిమ్ నేనే తీసి విరిచి పారేశాను.

ఏప్రిల్ 17
అన్నకు కొత్త పిచ్చి. చచ్చిపోయినవాళ్ల గొంతు పట్టే వీడియోలు చూసి చిన్న రికార్డరు కొన్నాడు. ప్రశ్న అడగాలట, ఇరవై సెకన్లు ఊరుకోవాలట, మళ్లీ అడగాలట. చేలో స్టార్టర్ డబ్బా దగ్గర, పట్టపగలే, కరెంటు లేని వేళ — పక్క చేలల్లో మోటార్ల మోత ఉండదని. "కాకికి చెప్పనిది దీనికి చెప్తాడేమోరా." నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో.

ఏప్రిల్ 19
మెమరీ కార్డు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఫోన్లు రిపేరు చేసేటోనివి గదా, ఈ గరగర తీసెయ్. దాని యెనక ఏదో మాట ఉండాది."
విన్నాను. గాలి. అన్న గొంతు — "ఆ పొద్దు ఏమయింది నాయనా?" తర్వాత... టిడిక్ టిడిక్ టిడిక్.
స్పీకరు పక్కన పెట్టిన ఫోను మోగబోయే ముందు వచ్చే చప్పుడది. ఈ పనిలో ఎన్నిసార్లు వినలేదు! ఫోన్ జేబులో ఉందా అని అడిగాను. "ఇంట్లో పెట్టి పోయినా." స్టార్టర్‌లో సిమ్ లేదు. మరి మోగుతున్నదేది?

ఏప్రిల్ 20
షాపులో ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడుతున్నా.

ఏప్రిల్ 23
ఇంకో మూడు రికార్డులు. "ఏం కావాల నాయనా" అంటే ఉత్త గాలి. "ఆ పొద్దు ఏమయింది" అంటేనే ఆ చప్పుడు. చెరిపేసి, "ఏమీ లేదన్నా" అని అబద్ధం ఆడాను.
నాకు భయంగా ఉంది. అన్నంటే కాదు, నాయనంటే. బతికుండగా నా మీద ఒక్క దెబ్బ వేయని మనిషి.

ఏప్రిల్ 26
అమ్మ కూడా చేనికొచ్చింది. అన్న పెట్టిన పద్ధతి — ఒక్కొక్కరే డబ్బా దగ్గరికి పోవాలి, మిగతావాళ్లు గట్టవతల వేపచెట్టు కింద ఉండాలి. అమ్మ ఏం అడిగిందో, కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "పో చిన్నోడా, నువ్వూ మాట్లాడు. నువ్వంటే పానం ఆయనకు."
పోయాను. రికార్డరు మీద ఎర్ర లైటు. అడగడానికి నా దగ్గర ప్రశ్న లేదు.
"నేనే నాయనా. నేనే ఫోన్ చేసినా. నువ్వు ఆడ ఉండావని తెలీదు."
స్పష్టంగానే అన్నాను. ఇరవై సెకన్లు నిలబడలేక వచ్చేశాను. గరగర తీస్తానని చెప్పి కార్డు తెచ్చుకున్నా.

ఏప్రిల్ 27
విన్నాను. నా చెప్పుల చప్పుడు ఉంది. "నేనే నాయనా" ఉంది. ఆ తర్వాత నా గొంతు లేదు. టిడిక్ టిడిక్... నా మాట మొత్తం మీద అదే. ఎంత తీసినా కింద ఏమీ లేదు.
నన్ను కాపాడుతున్నాడా? చెప్పనీయకుండా నా నోరు నొక్కుతున్నాడా? రెండూ తట్టుకోలేను.

ఏప్రిల్ 28
పొద్దున్నే అన్న ఫోన్. "అమ్మ బస్సెక్కింది. నువ్వేమడిగినావో ఆయమ్మ వినాలంట."
వినిపించేస్తే చాలు. 'నేనే నాయనా' తప్ప అందులో నా మాట ఏమీ లేదు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.
అమ్మ రోడ్డు దాటుతోంది. చేతిలో క్యారియరు. నాకు అన్నం తెచ్చినట్టుంది.