తప్పు స్క్రీన్‌ది

జూన్ 4

ఏలూరు నుంచి ఇందుజ గారు వచ్చారు. రొయ్యల చెరువులో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లను ఫోన్‌లోంచే తిప్పే యాప్ తయారు చేస్తున్నారట. బటన్లు ఎలా ఉండాలో గీసేది ఆవిడే. ఇంట్లో ఆడవాళ్ళు కూడా వాడగలగాలని ఫోన్ నా చేతికిచ్చారు. నొక్కుతూ, మనసులో ఏమనుకుంటే అది పైకి అనమన్నారు. నేను ఊరికే నొక్కుతూ పోయాను. దీనికి నోరు లేదండీ, ఐదో క్లాసుతో ఆపేసింది అని మా ఆయన నవ్వారు. యాప్ మా ఇద్దరి ఫోన్లలోనూ వేసి వెళ్ళారు. చెరువు దగ్గరుంటేనే పనిచేస్తుందట.

జూన్ 11, సాయంత్రం

నిన్న ఆయన మేత కోసం ఏలూరు వెళ్ళి ఉండిపోయారు. తెల్లవారుజామున ఫోన్ చేసి, రాత్రి పోయిన కరెంటు వచ్చిందని నేను చెప్పగానే ఏరేటర్ల మోటార్లు వెయ్యమన్నారు. యాప్ తెరిస్తే పచ్చ బటన్ ఉంది. పచ్చగా ఉంది కదా, తిరుగుతున్నాయనుకున్నాను. తిరగాలంటే దాన్ని నొక్కాలట. ఎండెక్కేసరికి చెరువంతా రొయ్యలు తెల్లగా తేలిపోయాయి.

ఆయన రాగానే నా జుట్టు పట్టుకుని గట్టు పొడుగునా ఈడ్చారు. తల స్టార్టర్ పెట్టెకేసి కొట్టారు. చచ్చిన రొయ్యలు గుప్పెడు నోట్లో కుక్కి, తిను, నీ కష్టమే అన్నారు.

జూన్ 15, ఆదివారం

ఎడమ చెవి వినపడడం లేదు. చర్చిలో ముసుగు అటువైపు లాక్కున్నాను.

జూన్ 17

ఇందుజ గారు వచ్చారు. నా మొహం చూసి ఆగిపోయారు. గట్టు మీద జారిపడిందని ఆయన చెప్పారు. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఫోన్‌లో ఏం కనిపించింది, ఏమనుకున్నారు అని అడిగారు. చెప్పాను. ఆయన వింటూనే ఉన్నారు.

"తప్పు మీది కాదండీ బ్లెస్సీ గారూ. తప్పు స్క్రీన్‌ది."

ఇలాంటి మాట నాతో ఎవరూ అనలేదు.

ఆవిడ కారు రోడ్డెక్కగానే ఆయన బెల్టు తీశారు. స్క్రీన్‌దా తప్పు, స్క్రీన్‌దా, అని దెబ్బకోసారి అడిగారు. చివరికి నాదేనండి అన్నాను.

జూన్ 24

బటన్ మార్చి పంపారు. ఇప్పుడు మోటారు తిరుగుతుంటే ఫోన్‌లో రెక్కల బొమ్మ తిరుగుతుంది. ఆగితే బొమ్మా ఆగుతుంది. ఆయన లేనప్పుడు ఏం చూస్తున్నానో, ఏమనుకుంటున్నానో పైకి అంటున్నాను. కోళ్ళు వింటున్నాయి.

జూలై 1

ఏరేటర్ రెక్కలకు నాచు చుట్టుకుంది. ఆపమన్నారు. ఆపాను. తన ఫోన్ కూడా నాకిచ్చి గుండెల్లోతు నీళ్ళలోకి దిగారు. రెక్కల మధ్య రెండు చేతులూ పెట్టారు.

"ఒసేయ్, ఆపేవా?"

నాకు మాట వచ్చింది.

"బొమ్మ తిరగట్లేదండి. మోటారు ఆగి ఉంది. నా బొటనవేలు బటన్ మీద ఉంది. నొక్కితే తిరుగుతుంది. మీ చేతులు లోపలున్నాయి. నొక్కాలనిపిస్తోందండి."

ఆయన తలెత్తారు. కదల్లేదు.

"నొక్కితే తప్పు స్క్రీన్‌దే అవుతుందా, అనుకుంటున్నానండి."

ఒక చెయ్యి, తర్వాత రెండో చెయ్యి మెల్లగా బయటకు తీశారు. నన్నే చూస్తూ వెనక్కి నడిచి గట్టెక్కారు. అప్పుడు నొక్కాను. రెక్కలు నాచును ముక్కలు ముక్కలు చేసి విసిరికొట్టాయి. కొన్ని ఆయన మొహం మీద పడ్డాయి. తుడుచుకోలేదు.

జూలై 4

ఈరోజు దిగబోతూ గట్టు మీదే ఆగి అడిగాడు.

"ఆపేరాండీ?"