ఎడమ రెక్క కీలు

అన్నా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. గోడకు వేలాడుతున్న నీ చివరి బొమ్మ విమానాన్ని మాబన్న జమ్మలమడుగు దగ్గర శనగ కోసేసిన చేనుకు తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. నువ్వు దాన్ని పూర్తి చేశావు గానీ ఎగరేయలేకపోయావు. స్నేహితుడిగా ఆ పని తనదేనన్నాడు.

లేస్తూనే విమానం ఎడమకు ఒరిగింది. మాబన్న రిమోట్‌తో అతికష్టం మీద దించాడు.

"ఎంత కుడికి తిప్పినా ఎడమకే పోతాంది పాపా. యాడుండాదో తేడా!"

రెక్కల వెనక అంచున ఆడే పలకలను తిప్పే కడ్డీలు విప్పి, వేలితో కదిపి చూశాను. కుడి పలక దానంతటదే వాలింది. ఎడమది పైకెత్తితే అక్కడే నిలిచిపోయింది. దాని కీలులోకి జిగురు కారి గట్టిపడింది.

ఆ చివరి నెలల్లో నీ చేతులు వణికేవి. మా ఇద్దరికీ అదే గుర్తొచ్చింది.

"కోయాల్నా? వాడు చేసిన పని గదా పాపా ఇది."

"కోయకుంటే ఎగరదు గదన్నా."

మాబన్న తెచ్చిన సామాన్ల పెట్టెలోని బ్లేడుతో నువ్వు అతికించిన కీలు కోసి తీశాను. కొత్తదాని మడతలోకి జిగురు దిగకుండా వాసెలిన్ రాసి అతికించాను. ఆరేదాకా గట్టు మీద కూర్చున్నాం.

ఈసారి విమానం తిన్నగా లేచింది. బాగా పైకెళ్లాక మాబన్న రిమోట్ నా చేతుల్లో పెట్టాడు. నువ్వుంటే ఇచ్చేవాడివి కాదు. భయపడుతూనే ఎడమకు తిప్పాను, తిరిగింది. కుడికి తిప్పాను, వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే చూస్తూ దించాను, అన్నా.

నీ చెల్లెలు