బందెలదొడ్డి తాళం

మందతో పాటు కడుపునిండా తింటున్నారని నమ్ముతున్న మా ఆయనకు,

ఉప్పు లారీ డ్రైవరు రేపు మీ వైపు వస్తున్నాడని తెలిసి, పొయ్యి మీద కుండ దించి మరీ రాయడానికి కూర్చున్నాను. ఇక్కడ అందరం బాగున్నాం. ట్యాంకరు కోసం దారి వైపు చూస్తూ కూర్చునే రోజులు పోయాయి. బడి వెనక తొట్టి కట్టి పంపు పెట్టారు. మన చిన్నది చేతులు కడుక్కోవడానికే బడికి పోతోందని పంతులమ్మ నవ్వుతోంది. మీ అమ్మగారి మోకాళ్ళకు నర్సు ఊళ్ళోకే వచ్చి మందిస్తోంది. మందు సంగతేమో గానీ, తన జబ్బులన్నీ వినే మనిషి దొరికిందని అత్తయ్య హుషారుగా ఉన్నారు.

అసలు సంగతికి వస్తాను. ఇసుక మేసేసిన బీడు చుట్టూ ముళ్ళకంచె వేసిన రోజు మీరు ఒంటికాలి మీద లేచారు. "గడ్డికి కంచె కట్టే ఊళ్ళో మేకలవాడికేం పని" అని, నాకు ఒక్క మాటైనా చెప్పకుండా మందను తోలుకుపోయారు. అది నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. మీరు వెళ్ళాక ఆ బీడు కాపలా నాకు అప్పగించారు. పని నేర్పింది జీపులో వచ్చే సంస్థ మేడం, ఒప్పుకున్నది మాత్రం నేనే. ఎవరి మేక కంచె దాటినా పట్టుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టాలి. జరిమానా డబ్బు కాదు. మేకలాయన నెలపొడుపు దాకా కావడితో నీళ్ళు మోసి బీడులో నాటిన మొక్కలకు పోయాలి. కుమ్మరి మామయ్య చేత మోయించాను. మీ చెల్లెలి భర్త చేతా మోయించాను. ఆడబిడ్డ అప్పటినుంచి నా మొహం చూడడం లేదు.

గడ్డి మోకాలెత్తు లేచింది. ఎండలు ముదిరాక కోసి ఇంటింటికీ పంచుకుంటే, మేత కోసం ఎవరూ ఇల్లు విడిచి తిరగక్కర్లేదు. కాని పంపు దగ్గర ఎప్పుడూ ఒకటే మాట. "మన మేకలైతే పట్టింది. మొగుడి మంద రానీ, కంచే చేను మేస్తుంది చూడండి" అంటున్నారు. మీ మేకను వదిలేస్తే మర్నాటినుంచి నా మాట వినేవాళ్ళుండరు, బీడు మళ్ళీ ఇసుకైపోతుంది. పట్టుకుంటే మీకు తలకొట్టేసినట్టవుతుంది. మీకు దణ్ణం పెడతాను, వచ్చేటప్పుడు వాగు దారిన చుట్టూ తిరిగి రండి.

మీ రాక కోసం చూస్తున్న,
మీ ఇంటిది

*

అలిగి వెళ్ళిన మా ఆయనకు,

అంత బతిమాలినా కంచె పక్కనుంచే వచ్చారు. ఆ పళ్ళూడిన ముసలిమేక సందు చూసుకుని లోపల దూరనే దూరింది. పంపు దగ్గర ఆడవాళ్ళంతా బిందెలు దించి నా వైపే చూశారు. "పోనీలే అమ్మాయ్, మీ ఆయనే కదా" అన్నాడు కుమ్మరి మామయ్య. ఆ గొంతులో జాలి లేదు. నేను మేకను దొడ్డిలో పెట్టి తాళం వేసి, శిక్ష కూడా నా నోటితోనే చెప్పాను. మీరు అక్కడికక్కడే కావడి ఎత్తుకున్నారు. అత్తయ్య ఆ పూట నాతో మాట్లాడడం మానేశారు, అన్నం మాత్రం మానలేదు.

ఉన్నన్నాళ్ళూ ఊఁ, ఉఁహూఁ తప్ప మాట లేదు. కమిలిన భుజానికి నూనె రాయబోతే అటు తిరిగి పడుకున్నారు. నేను చేసింది తప్పు కాదు, రేపైనా అదే చేస్తాను. నలుగురిలో మిమ్మల్ని అలా నిలబెట్టినందుకు మాత్రం ఏడుపొస్తోంది. ఇప్పుడు కంచె వైపు ఒక్కరి మేకా రావడం లేదు. ఆడబిడ్డ కూడా మొన్న పలకరించింది. సంతోషించాల్సిందే, నాకే చేతకావడం లేదు. మీ కోపం పోయిందో లేదో ఒక్క ముక్క రాయండి. పోలేదంటే ఈ తాళం ఇంకెవరికైనా ఇచ్చేస్తాను.

మీ మీద బెంగతో,
మీ ఇంటిది

*

కాపలాదారమ్మగారికి,

తాళం ఎవరికీ ఇవ్వకు. ముందు ఇది చదువు.

నీ మాట విని నేను వాగు దారే పట్టాను. అక్కడ మా చెల్లెలి మొగుడు ఎదురయ్యాడు. "ఏం బావా, చుట్టూ తిరిగొస్తున్నావ్? అక్కయ్య ముందే కబురంపి తప్పించిందన్నమాట" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు చురుక్కుమంది. గడ్డి మీద ప్రేమ నాకప్పటికీ లేదు. కాని నా పెళ్ళాన్ని అంత మాట అననిస్తానా? నేను ఎంత దూరంగా తిరిగొచ్చినా ఆ మాట నీ నెత్తినే ఉంటుందని అర్థమై, మందను వెనక్కి మళ్ళించాను.

దిబ్బ చాటున కంచెలో కంప పక్కకు లాగింది నేనే. మందలో పళ్ళు లేనిదాన్ని ఏరి లోపలికి తోసిందీ నేనే. పాపం, అది గడ్డి వాసన చూసి, ఒక్క పరకైనా కొరకలేక నిలబడిపోయింది. నీ బీడుకు రవ్వంత నష్టం లేదు.

ఇంట్లో నోరు విప్పితే ఎక్కడ నవ్వేస్తానోనని మూతి బిగించుకుని తిరిగాను. నువ్వు నూనె రాస్తే అంతా కక్కేసేవాణ్ణి. నీకు తెలిస్తే ఊరికంతా తెలిసినట్టే, నీ మొహానికి దాచడం రాదు. అటు తిరిగి పడుకున్నందుకు మాత్రం నాకూ బాధగానే ఉంది.

నీళ్ళు మోసినన్నాళ్ళూ ఆ బీడులో తిరిగాను కదా, కాలి కింద నేల చల్లగా తగిలింది. వెళ్ళేటప్పుడు నేనన్న మాట తప్పు. గడ్డి కోతకు వస్తాను, వచ్చాక మేత కోసం మళ్ళీ ఊరు దాటను. కంప లాగిన సంగతి ఎవరికీ చెప్పకు. చెప్పావో, మళ్ళీ నెలపొడుపు దాకా మోయించాల్సి వస్తుంది.

ఇట్లు,
శిక్ష సగమే పడిన నీ ముద్దాయి