నేను బిగించిన కట్టు

1978 జూన్ 12, సోమవారం
నా పెండ్లామును తిరుపతి ఆసుపత్రికి పిలుచుకుపోయినా. పేడలో జారిపడి మోచేతికి పైన విరిగిన దండచెయ్యి పుత్తూరు కట్టుతో అతుక్కునింది. మణికట్టే లేవదు. వేలాడతా ఉండాది. "నరం నలిగింది, తెగలేదు" అన్నాడు డాక్టరు. వారానికి మూడు దినాలు కరెంటు పెట్టాలంట. కరెంటు... మనిషికి.

జూన్ 14
ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలు రెండు, తీగలు, ఒక పెట్టె. కరెంటు పెట్టే అమ్మ మీట తిప్పింది. చెయ్యి లేచింది!
"లేచిందయ్యో, సూడు సూడు!" అని అరిచింది ఈమె.
నాకు కండ్లలో నీళ్లు. మీట ఆపింది. చెయ్యి పడిపోయింది.
"నరం కోలుకునేదాకా కండ ఎండిపోకుండా ఆడించడమేమ్మా ఇది. నరాన్ని బాగుచేసేది కాదు. కరెంటు ఎత్తినప్పుడు నువ్వూ ఎత్తాల."

జూన్ 19
"ఇంత బిగువుగా కట్టిందెవురు?" దండచేతి మీద కట్టు వాత చూసి ఆ అమ్మ అడిగింది.
"పుత్తూరు కట్టు తల్లీ. కట్టినోడి చేతులు పడిపోను!" అనింది ఈమె.
నేను వాకిలి దిక్కు చూసినా.

జూన్ 20
పుత్తూరులో ఎముకలు కట్టే ఆయన బాగానే కట్టినాడు. "ముడి తాకొద్దప్పా" అని చెప్పినాడు కూడా. బస్సు కుదుపులకు వదులైంది. ఇంట్లో ఈమె జ్వరంతో ఒళ్లు తెలీకుండా పడుంటే, గడ్డిమోపు బిగించినట్టు బిగించినా. తర్వాత "తిమ్మిరి" అంటే — "కట్టంటే అట్లే ఉంటాది" అన్నా.

జులై 3
ఇరవై సార్లు లేచింది. ఇరవై సార్లు పడింది.

జులై 10
పక్కింటి సుబ్బన్నకు కాలు విరిగింది. బండి కట్టి పుత్తూరికి బయలుదేరినారు. ఈమె అడ్డం పోయింది — "ఆ పాపిష్టోడి కాడికి పోవద్దు నాయనా, నా చెయ్యి సూడు!" బండి నిలిపేసినారు. నేను నోరు తెరవలేదు. థూ.

జులై 12
బస్సులో చెప్పినా. "బిగించింది నేనే."
కిటికీ దిక్కు తిరిగి — "నాకెందుకు చెప్తావు. పోయి సుబ్బన్నకు చెప్పు."
అంతే.
దిగినాక నేరుగా సుబ్బన్న ఇంటికే పోయి, ఉన్నదున్నట్టు చెప్పినా. పడుకునే నవ్వినాడు — "పుత్తూరికే పోతాలే మామా. నువ్వు మాత్రం నా కాలు తాకొద్దు." అందరూ నవ్వినారు. ఈమె నవ్వలేదు.

జులై 24
మీట ఆపినాక బొటనవేలు దానంతట అదే కదిలిందంట. ఆ అమ్మ బయటికొచ్చి చెప్పింది. నన్ను లోపలికి రావద్దంటా ఉండాది ఈమె, ఇప్పుడు.
బస్సులో పక్కనే కూచున్నా. చెయ్యి కొంగు కింద పెట్టుకునింది. ఒకసారి కదిలించి చూపించమని... అడగలేకపోయినా.