గుట్ట మీది మొక్కలకు వేర్లు లేవని మనవి

మూసిన గనుల భూముల్లో పచ్చదనం పెంచు శాఖ అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గని మట్టి పోసిన గుట్ట "పచ్చబడినది" అని తమరిచ్చిన ధ్రువపత్రం రద్దు చేయుట గురించి.

మొక్కలు నాటే ముఠాలో పనిచేసిన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు గుట్ట కింద మొదటి ఇల్లు మా అక్కది. పోయిన వానాకాలంలో గుట్ట జారి వాళ్ల వంటగది మీద పడినది. లోపల మా బావ ఉన్నాడు. "టీ మరుగుతోంది, దించి వస్తా" అన్నాడట. అంతే. అప్పటి నుంచి నాకు అన్నం, మన్ను ఒకే రుచి. ఇది ఫిర్యాదు కాదు, వివరం మాత్రమే.

2. ఆ పిమ్మట వాలును గడ్డితో, మొక్కలతో బిగించవలెనని తమ ఆఫీసు ఉత్తర్వు ఇచ్చినది. పద్ధతి మాకు తెలుసు. గట్టిపడిన నేలను ముందు పెళ్లగించాలి. గని తవ్వేటప్పుడు తీసి దాచిన పైమట్టిని రెండు జానల మందాన పరచాలి. ఎరువు కలిపి, గడ్డి విత్తనం చల్లి, పీచు చాప కప్పి మేకులు కొట్టాలి. అప్పుడు మొక్క. మాకు పైమట్టి కింది మూడో వంతుకే వచ్చినది. మిగతాది తమ ఆఫీసు వెనక కుప్పగానే ఉన్నది. పైన ఉత్త రాతిపొడిలో గుంతలు తీసి నాటితిమి. పదిహేను రోజుల్లో అన్నీ మాడినవి.

3. ఇక్కడ నా తప్పు. మా మేస్త్రీ నడుము వంచడు. కింద రోడ్డు మీద నిలబడి, కర్రతో గాలిలో చూపుతూ మొక్కలు లెక్కపెడతాడు. ఆటపట్టిద్దామని ఒక మధ్యాహ్నం నలభై గుంతల్లో తుప్పల కొమ్మలు విరిచి గుచ్చాను. అన్నీ "బతికినవి" అని రాసుకున్నాడు. నేనే నిజం చెప్పాను.

"ఎప్పుడూ నీ కోతి చేష్టలేనట్రా?" అన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, మిగతా వాటిల్లో కూడా గుచ్చెయ్. రేపు పెద్దాయన వస్తున్నాడు."

4. మర్నాడు తమరు దయచేసినారు. తమరూ రోడ్డు మీదనే నిలబడినారు. బూట్లు కొత్తవి. "బాగా పట్టుకున్నాయయ్యా" అని నా భుజం తట్టినారు. ధ్రువపత్రం వచ్చినది. నీళ్ల ట్యాంకరు పోయినది. ముఠాను పంపేసినారు.

5. కొమ్మలు నాలుగు రోజులకు వాడిపోవును. కనుక వారానికి రెండుసార్లు గుట్ట ఎక్కి, ఎండినవి పీకి పచ్చివి గుచ్చుచున్నాను. ఇలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అక్క పొద్దున్నే పెరటి తలుపు తీసి పైకి చూస్తుంది. పచ్చగా ఉంటే పని మొదలుపెడుతుంది. లేకపోతే గుమ్మంలోనే కూర్చుండిపోతుంది.

6. తమ గుమాస్తాకు రెండుసార్లు చెప్పుకున్నాను. "పోవయ్యా, మొన్న నా కుర్చీకి బంక పూసింది నువ్వే కదూ?" అన్నాడు. పూసిన మాట వాస్తవమే. దీనికి, దానికి సంబంధం లేదు.

వానలకు నెల కూడా లేదు. మా ఇంటికి వచ్చెయ్యమంటే అక్క కదలదు. తమ ధ్రువపత్రం నకలు గోడకు అంటించుకుని, "సర్కారు వాళ్లే రాసిచ్చారు కదరా" అంటుంది. సర్కారు కాగితం మీద కూర్చున్న మనిషిని ఇంకో సర్కారు కాగితమే లేపాలి. కాబట్టి తమరు స్వయంగా పైకెక్కి ఏదో ఒక మొక్కను రెండు వేళ్లతో లాగి చూడవలెను. చేతికి వచ్చును. పైమట్టి పరిపించి, గడ్డి వేయించి, అది వేరూనే దాకా అక్కకు వేరే చోట ఒక గది ఇప్పించవలెను. నాకు ఏ శిక్ష వేసినా సంతకం పెడతాను.

చిత్తగించవలెను. రోడ్డు మీద నిలబడి మాత్రం కాదు.

తమ విధేయుడు,
తుంటరి అని పిలవబడువాడు,
నాటే ముఠా (ప్రస్తుతం లేదు)

అడుగున ఒక మాట: పంపే ముందు దీన్ని అక్కకు చదివి వినిపించాను, వింటే కదులుతుందని. కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "అధికార్లతో కూడా పరాచికాలేనట్రా, వెధవా" అంది. "అవునక్కా, ఊరికే రాశాను" అనేశాను. అందుకని అయ్యా, వచ్చినప్పుడు ముందు ఆమెకు ఆ గది చూపించండి. మొక్క తరువాత లాగండి.