మీరు చదివి వినిపించిన వాక్యాలు

అందుకే మేడమ్, నిన్న అమ్మ వస్తే సగంలో ఆపిన ఉత్తరం మళ్లీ రాస్తున్నాను. పాస్ట్ పార్టిసిపుల్స్‌ని విశేషణాలుగా వాడి వాక్యాలు రాయమన్నారు కదా. నేను రాసిన లాక్డ్ రూమ్, బ్రోకెన్ ఫోన్, టోర్న్ చున్నీ కల్పించినవి కావు. ఆ గది మా పామాయిల్ తోటలోని మోటారు గది. లోపల మా నాగలత అక్క ఉంది. ఆ ఫోన్, చున్నీ కూడా అక్కవే. పక్క లంబాడీ తండాలోని శ్రీనివాస్‌ను పెళ్లి చేసుకుంటానందని నాన్న ఐదు రోజుల కింద తాళం వేశాడు. అక్కకి ఇరవై ఏళ్లు.

మీరు బాగున్నాయని క్లాసంతా వినేట్టు చదివారు. మా బాబాయి కూతురు ఇంట్లో చెప్పేసింది. పొద్దున నాన్న నవ్వుతూనే అడిగాడు.

"ఏందమ్మా, ఇంగ్లీషు మస్తు రాస్తున్నవంట. మన ఇంటి ముచ్చటేనా?"

"కాదు నాన్నా, బుక్కులో ఉన్నయే."

"అట్లనా. బుక్కులో ఉన్నయే రాయి."

ఆదివారం అక్కని ఎక్కడికో తీసుకుపోతారట. ఎక్కడికో అమ్మకీ చెప్పట్లేదు. మేడమ్, పోలీసులకు ఫోన్ చేయండి. నా పేరు చెప్పకండి. దీన్ని మాత్రం ఎవరికీ చదివి వినిపించకండి.

రేపు నోట్‌బుక్‌లో పెట్టి ఇద్దామనుకున్నాను. ఇప్పుడు నాన్న తలుపు కొడుతున్నాడు.

"తియ్యమ్మా. నీ ఇంగ్లీషు నోట్‌బుక్ ఓసారి చూస్తా."

కాగితాలు యూనిఫాం లోపల దాస్తున్నా