గాజు జాడీకి నీటిమొక్కలు

ముంచింగిపుట్టు, 1926

సవరమ్మకు, ప్రభువు నీకు ఓదార్పునిచ్చుగాక.

నేను కులాసా. బిడ్డ పోయి నువ్వు కురుపాం పుట్టింటికి వెళ్ళాక, నీ గాజు జాడీలో మొక్కలు కుళ్ళి రెండు చేపలు చచ్చిపోయాయి. నిన్న సంతలో సోములమ్మ దగ్గర, ఆమె గెడ్డ వాగులోంచి తెచ్చిన నీటిమొక్కలు కొన్నాను. గుబురుగా ఉన్నవి తీసుకోబోతే చేతిలోంచి లాగేసుకుంది.

"ఆకు సూత్తావేటి మాస్టరుబాబూ? మొక్కకి ఏర్లు సూడాల. నల్లబడితే బతకదు."

తెల్లటి వేళ్ళున్నవి తనే ఏరి ఇచ్చి, "అమ్మగోరు ఎప్పుడొత్తారు?" అంది. డబ్బులిచ్చి, మొక్కలు తడిగుడ్డలో చుట్టుకుని వచ్చేశాను.

మిగిలిన చేపలు బాగున్నాయి. మామయ్యగారి దగ్గు తగ్గిందా? చలి మొదలైంది, కంబళి ఎక్కడ పెట్టావో రాయి. అత్తయ్యగారికి వందనాలు. తొందరేమీ లేదు. రావాలనిపించిన రోజు ఒక్క ముక్క రాస్తే నేనే వచ్చి తీసుకొస్తాను.

యేసుపాదం